పడవ నుంచి వేలం చీటీ దాకా: మెయిన్‌ఫ్రేమ్ టేబుళ్లకూ ఫైళ్లకూ సంబంధం ఎలా చెప్పాలి

తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలం జరిగే చోట కాసేపు నిలబడి చూడండి. బుట్టలోని వంజరం ఏ పడవది, ఆ పడవ ఎవరిది, ఎన్ని రోజుల వేట తర్వాత ఒడ్డుకు చేరింది, ఎవరు పాడుకున్నారు అన్నది అక్కడ రోజూ తిరిగేవారికి కంఠస్థం. మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) మీద దశాబ్దాలుగా నడుస్తున్న సమాచారం కూడా అలాగే ఉంటుంది. ఏ ఫైలు ఏ టేబుల్‌కు చెందినదో పాత ఉద్యోగులకు తెలుసు, పాత ప్రోగ్రాములకు తెలుసు. డేటాను తీసి ప్రోగ్రాముల పరీక్షకు అందించే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. రుషికొండ, మధురవాడ వైపు ఆఫీసుల్లో ఈ పనికి కొత్తగా వచ్చినవారిని దృష్టిలో పెట్టుకున్నాను. కోబాల్ (ప్రోగ్రాములు రాసే భాష), జేసీఎల్ (జాబ్‌లు నడిపే ఆజ్ఞల భాష) కొద్దిగా తెలిసి ఉంటే చాలు.

సాధన కోసం హార్బర్ చుట్టూ ఒక ఉదాహరణ కల్పించాను. డీబీ2 అనే డేటాబేస్‌లో మూడు టేబుళ్లు: యజమాని, పడవ, వ్యాపారి. వీశామ్ అనే మెయిన్‌ఫ్రేమ్ ఫైళ్ల పద్ధతిలో, కీతో (రికార్డును గుర్తించే విలువతో) వెతకగల ఒక ఫైలు: వేట. పడవ సముద్రంలోకి వెళ్లివచ్చిన ప్రతిసారీ అందులో ఒక రికార్డు పడుతుంది. రికార్డులు ఒకదాని తర్వాత ఒకటిగా ఉండే మామూలు సీక్వెన్షియల్ ఫైలు ఒకటి: వేలం చీటీలు. మనకు కావలసింది ఇది: ఒక్క యజమానిని ఎంచుకుంటే అతని పడవలు, ఆ పడవల వేటలు, ఆ వేటల చీటీలు, ఆ చీటీల్లో ఉన్న వ్యాపారులు, అన్నీ ఒక్క ముక్క తెగకుండా బయటికి రావాలి. అంతకు మించి ఒక్క రికార్డు కూడా రాకూడదు. ఈ రెండో షరతు మొదటిదానికన్నా కష్టం. ఎందుకో కిందికి వెళ్లాక తెలుస్తుంది.

ముందుగా కేటలాగ్‌ను అడగండి

కాగితం తీసి అయిదు గళ్లు గీయండి. ఒక్కో గడిలో ఒక్కో పేరు రాయండి. గీతలు ఇంకా గీయవద్దు. మీకు తెలుసు అనుకున్న సంబంధం ఎక్కడ రాసి ఉందో చూపించగలిగినప్పుడే గీత గీయాలి.

డీబీ2 టేబుళ్ల మధ్య సంబంధాలు కేటలాగ్‌లో, అంటే డీబీ2 తన టేబుళ్ల వివరాలు రాసుకునే చోట, ఉంటాయి. సిస్‌రెల్స్ అనే కేటలాగ్ టేబుల్‌లో ఏ పిల్ల టేబుల్‌కు ఏ తల్లి టేబుల్ (పిల్ల ఎవరి కీని చూపుతుందో అది) ఉందో, తల్లి వరుసను (రో) తీసేస్తే పిల్లలను ఏం చేయాలనే నియమం ఏమిటో దొరుకుతుంది. ఏ కాలమ్‌లు ఫారిన్ కీలో (పిల్లలో ఉండి తల్లి కీని చూపే విలువలో) ఉన్నాయో సిస్‌ఫారిన్‌కీస్ చెబుతుంది. రెండో దాన్ని చదివేటప్పుడు కాల్‌సీక్ అనే కాలమ్‌లోని క్రమంలో పేర్చుకోండి. రెండు మూడు కాలమ్‌లతో కట్టిన కీలో క్రమం తప్పితే సంబంధమే తప్పుతుంది.

సిస్‌రెల్స్‌లో ఏమీ కనబడకపోతే సంబంధం లేదని అనుకోవద్దు. ఈ పనిలో కొత్తవారు చేసే మొదటి పొరపాటు ఇదే. పాత వ్యవస్థల్లో చాలాచోట్ల ఫారిన్ కీలు ప్రకటించకుండా ప్రోగ్రామ్‌లోనే తనిఖీ చేసుకున్నారు. ఇక వీశామ్ విషయానికి వస్తే, అందులో సంబంధాన్ని రాసుకునే చోటే లేదు. వీశామ్ 1970ల తొలి సంవత్సరాల నాటిది, డీబీ2 వచ్చింది 1983లో. ఫైలుకు తన కీ ఏమిటో తెలుసు, తన పక్కన ఎవరున్నారో తెలియదు.

అందువల్ల ప్రోగ్రాములే సాక్ష్యం. వేట ఫైలును చదివే కోబాల్ ప్రోగ్రామ్ తెరిచి రీడ్ వాక్యానికి ముందున్న మూవ్ వాక్యాలను చూడండి. డీబీ2 నుంచి తెచ్చిన రేవు సంకేతాన్ని, పడవ అంకెను తీసుకెళ్లి ఫైలు కీలో వేస్తున్న చోట మీకు కావలసిన గీత దొరికినట్టే. ఎస్‌క్యూఎల్‌లో రెండు టేబుళ్లను కలిపే వేర్ షరతులు కూడా అంతే. చాలామంది వెతకని చోటు ఇంకొకటి ఉంది: జేసీఎల్‌లో డీఎఫ్‌సార్ట్ (ఫైళ్లను పేర్చే, కలిపే సాధనం) అడుగులు, అంటే స్టెప్‌లు. వాటిలో జాయిన్‌కీస్ అని కనిపిస్తే అక్కడ ఎవరో ఎప్పుడో రెండు ఫైళ్లను కలిపారని అర్థం. ఎన్నో స్థానం నుంచి ఎన్ని బైట్లు కలిపారో అంకెలతో సహా రాసి ఉంటుంది. ఆ ఒక్క పంక్తి కొన్నిసార్లు పది పేజీల పత్రాలకన్నా నమ్మదగినది, ఎందుకంటే అది రోజూ రాత్రి నడుస్తోంది.

ఫైలుకు ఆకారం చెప్పడం

టేబుల్‌కు కాలమ్‌లున్నాయని డీబీ2 చెబుతుంది. ఫైలులో ఉన్నది బైట్ల వరుస మాత్రమే. దానికి ఆకారం ఇచ్చేది కాపీబుక్, అంటే ఏ బైట్లలో ఏ వివరం ఉందో చెప్పే కోబాల్ నిర్వచనం. కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు ముందు కాపీబుక్‌ను అందించాలి. ఉదాహరణకు ఐబీఎం ఆప్టిమ్ వంటి సాధనంలో వీశామ్, సీక్వెన్షియల్ ఫైళ్లను లెగసీ టేబుళ్లుగా ఇలాగే నిర్వచిస్తారు. అప్పటినుంచి ఫైలు కూడా టేబుల్ లాగే కనబడుతుంది. ఇతర సాధనాల్లో తెరలు, పేర్లు వేరుగా ఉంటాయి. చేయాల్సిన ఆలోచన ఒకటే.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త. మొదటిది కీ స్థానం. ఫైలు వివరాలు చూపే లిస్ట్‌క్యాట్ ఆజ్ఞ నడిపితే వేట ఫైలు కీ పొడవు 13 అని, ఆర్‌కేపీ (రికార్డులో కీ మొదలయ్యే స్థానం) 4 అని వచ్చిందనుకోండి. ఆర్‌కేపీ లెక్క సున్నాతో మొదలవుతుంది. కాబట్టి కీ నిజానికి అయిదో బైటు దగ్గర మొదలవుతుంది. నాలుగో బైటు అని రాసుకుంటే ప్రతి కీ ఒక్క బైటు జరిగి, ఏ ఒక్కటీ కలవదు. మన ఉదాహరణలో ఆ 13 బైట్లలో మొదటి 2 రేవు సంకేతం, తర్వాతి 5 పడవ అంకె, చివరి 6 వేట సంఖ్య.

రెండోది రీడిఫైన్స్. వేలం చీటీల ఫైలులో ఒకటో రకం రికార్డు చీటీ తలకట్టు: తేదీ, పడవ, వేట, వ్యాపారి, మొత్తం. రెండో రకం చీటీలోని ఒక్కో పద్దు: వంజరం ఇన్ని కిలోలు, చందువ ఇన్ని కిలోలు. ఒకే జాగాను రెండు రకాలుగా చదివే ఫైలు ఇది. ఏ బైటులో ఏ విలువ ఉంటే ఏ ఆకారం వాడాలో ముందే షరతుగా చెప్పండి. చెప్పకపోతే పద్దు రికార్డులోని చేప బరువును వ్యాపారి సంకేతంగా చదివే ప్రమాదం ఉంది. సంబంధాలు కట్టేటప్పుడు ఈ రెండు రకాలను రెండు వేర్వేరు టేబుళ్లుగా భావించండి. చీటీ సంఖ్య ఆ రెంటినీ కలుపుతుంది. కాగితం మీద ఇప్పుడు ఆరు గళ్లు అవుతాయి.

ఒకటే అంకె, మూడు రూపాలు

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. చాలా సంబంధాలు కాగితం మీద సరిగ్గా ఉండి యంత్రంలో విఫలమయ్యేది ఇక్కడే.

పడవ అంకె 735 తీసుకుందాం. పడవ టేబుల్‌లో అది ఇంటిజర్ (పూర్ణాంకం). నాలుగు బైట్లలో, హెక్స్ (పదహారు గుర్తుల లెక్క) రూపంలో చూస్తే, 00 00 02 డీఎఫ్ అని ఉంటుంది. వేట ఫైలులో అయిదు డిస్‌ప్లే అంకెలుగా, అంటే అంకెకు ఒక బైటు చొప్పున, ఉంది: ఎఫ్0 ఎఫ్0 ఎఫ్7 ఎఫ్3 ఎఫ్5. వేలం చీటీలో అదే అంకె, బైటుకు రెండు అంకెలు పట్టే కాంప్-3 రూపంలో మూడు బైట్లలో 00 73 5సీ అని ఇమిడిపోయింది. మనిషి కంటికి మూడూ 735. బైట్లను పోల్చే యంత్రానికి ఒకదానితో ఒకటి పోలిక లేదు. ఐఎస్‌పీఎఫ్‌లో (మెయిన్‌ఫ్రేమ్ ఫైళ్లు చూసే తెర) హెక్స్ ఆన్ అని కొట్టి మూడు చోట్లా అదే పడవ రికార్డును మీ కళ్లతో చూడండి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం కష్టాలు తీరుతాయి.

కాపీబుక్ సరిగ్గా అందించి ఉంటే, అంకెకు అంకె అని గుర్తించి రూపం మార్చి పోల్చడం సాధనం చూసుకుంటుంది. చిక్కు వచ్చేది కాపీబుక్‌లో పిక్ ఎక్స్ అని అక్షరాలుగా రాసి లోపల అంకెలు పెట్టిన చోట. అప్పుడు 735కూ 00735కూ తేడా వస్తుంది. ముందు సున్నాలు ఉన్నాయా, వెనక ఖాళీలు ఉన్నాయా, హైఫన్ ఒక చోట ఉండి ఇంకో చోట లేదా అన్నది చూసుకోవాలి. కొన్ని సాధనాలు సంబంధం కట్టేటప్పుడే ఒక కాలమ్‌లోని భాగాన్ని విడదీయడానికి, రెండు కాలమ్‌లను కలపడానికి వీలిస్తాయి. మన రేవు సంకేతం, అంకె ఒక చోట కలిసి, ఒక చోట విడిగా ఉన్నాయి కాబట్టి అలాంటి సౌకర్యం అవసరమవుతుంది. మీ సాధనంలో అది లేకపోతే, సార్ట్ అడుగులో ఆ రెండు ముక్కలను కలిపి కొత్త క్షేత్రం (ఫీల్డ్) చేసి, ఆ ఫైలు మీద సంబంధం కట్టుకోండి.

నేను మొదట్లో చేసిన పొరపాటు చెబుతాను. ఒక ఉద్యోగంలో ఇలాగే రెండు ఫైళ్ల మధ్య సంబంధం కట్టి జాబ్ నడిపాను. రిటర్న్ కోడ్ సున్నా, అంటే తప్పేమీ లేదని, వచ్చింది. పిల్ల ఫైలు నుంచి వచ్చిన రికార్డులు కూడా సున్నా. జాబ్ పచ్చగా ముగిసింది కాబట్టి అంతా బాగుందని నమ్మాను. పరీక్ష చేస్తున్నవారు తర్వాతి వారం ఫోను చేసి అడిగేదాకా తెలియలేదు. ఆనాటి నుంచి రిటర్న్ కోడ్ చూసిన వెంటనే ప్రతి ఫైలుకూ ఎన్ని రికార్డులు వచ్చాయో చూడందే లేచి వెళ్లను. మీరూ వెళ్లవద్దు.

ఖాళీల సంగతి కూడా ఇక్కడే తేల్చండి. డీబీ2లో విలువ లేకపోతే నల్ ఉంటుంది. ఫైలులో నల్ అనేది ఉండదు. దాని బదులు ఖాళీలు, అంటే 40 అనే బైట్లు ఉండవచ్చు. లో వాల్యూస్, అంటే 00 ఉండవచ్చు. సున్నాలే ఉండవచ్చు. ఎవరూ పాడుకోని సరుకు చీటీలో వ్యాపారి సంకేతం చోట ఖాళీలు ఉంటే, ఆ చీటీకి వ్యాపారి లేడని అర్థం. అలాంటివాటిని సంబంధం నుంచి మినహాయించే షరతు పెట్టండి. లేదంటే తనిఖీలో అవన్నీ తప్పుల కింద తేలి, నిజమైన తప్పులు వాటి మధ్య కనబడకుండా పోతాయి.

తల్లి ఎవరో తేల్చండి

సంబంధం కట్టేముందు తల్లి వైపు కీ నిజంగా ఒక్కసారే వస్తోందా అన్నది లెక్కపెట్టాలి. టేబుల్ అయితే మొత్తం వరుసలు ఎన్ని, వేర్వేరు కీలు ఎన్ని అని రెండు లెక్కలు తీసి పోల్చండి. ఫైలు అయితే డీఎఫ్‌సార్ట్‌తో వచ్చే ఐస్‌టూల్‌లో సెలెక్ట్ ఆపరేటర్‌కు ఆల్‌డూప్స్ అని ఇవ్వండి. రెండుసార్లు వచ్చిన కీలన్నీ విడిగా వచ్చి పడతాయి. వేట ఫైలు కేఎస్‌డీఎస్ (కీ క్రమంలో ఉండే వీశామ్ ఫైలు) కాబట్టి దాని ప్రధాన కీ రెండోసారి రాదు. చీటీల ఫైలుకు అలాంటి హామీ ఏమీ లేదు. ఒకే చీటీ సంఖ్య రెండు తలకట్టుల్లో కనిపిస్తే, సంవత్సరం మారినప్పుడు సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలైందేమో చూడండి. అప్పుడు కీలో సంవత్సరం కూడా చేర్చాలి.

ఇప్పుడు నిర్వచనం రాయండి. తల్లి పేరు, పిల్ల పేరు, కాలమ్ జతలు, వాటి క్రమం. పని ఇంతే. సంబంధానికి పేరు పెట్టేటప్పుడు చదివితే రెండు వైపులూ గుర్తొచ్చేలా పెట్టండి. ఎక్కడ చూసి ఈ సంబంధం నిర్ధారించుకున్నారో, ఏ ప్రోగ్రామ్‌లో, ఏ జాబ్‌లో, వివరణ గడిలో ఒక్క వాక్యం రాయండి. తర్వాత వచ్చేవారికి మీరు చేయగల పెద్ద మేలు ఆ వాక్యమే.

డీబీ2 టేబుళ్ల మధ్య సంబంధాన్ని సాధనంలో రాయాలా, డీబీ2లోనే ఫారిన్ కీగా ప్రకటించాలా అన్న ప్రశ్న వస్తుంది. డీబీ2లోనే ప్రకటిస్తే ప్రతి చేర్పునూ అది కాపలా కాస్తుంది. అయితే డేటా ఉన్న టేబుల్‌కు ఆల్టర్ ఆజ్ఞతో ఫారిన్ కీ చేర్చగానే ఆ టేబుల్‌స్పేస్ (టేబుల్ నిల్వ ఉండే చోటు) చెక్ పెండింగ్ స్థితిలోకి, అంటే తనిఖీ కోసం ఆగిన స్థితిలోకి, వెళ్తుంది. చెక్ డేటా అనే తనిఖీ నడిపి దాన్ని బయటికి తేవాలి. ఫారిన్ కీ కాలమ్‌లకు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) దానంతటదే రాదు, మీరే కట్టాలి. లేకపోతే తల్లి వరుస ఒకటి తీసేసినప్పుడల్లా పిల్లల కోసం టేబుల్ మొత్తం వెతకాల్సి రావచ్చు. నాట్ ఎన్‌ఫోర్స్‌డ్ అని సమాచారం కోసం మాత్రమే ప్రకటించే దారి కూడా ఉంది. అప్పుడు డీబీ2 కాపలా కాయదు. డేటా శుభ్రంగా ఉంచే బాధ్యత మీదే. నడుస్తున్న వ్యవస్థ మీద ఇవేవీ డీబీఏతో (డేటాబేస్ నిర్వాహకుడితో) మాట్లాడకుండా చేయవద్దు. పరీక్ష డేటా తీయడం వరకే మీ పని అయితే సాధనంలో రాసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

తీసివేత నియమం గురించి ఒక మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ చాలా పడవలు దెబ్బతిన్నాయి. మన ఉదాహరణలో అలా మునిగిన పడవ వరుసను టేబుల్ నుంచి తీసేశారనుకోండి. దాని మరమ్మతుల వివరాలు ఇంకో డీబీ2 టేబుల్‌లో ఉండి, నియమం కాస్కేడ్ (తల్లితోపాటు పిల్లలూ పోవడం) అయితే, ఆ పడవ చరిత్ర అంతా ఒక్క ఆజ్ఞతో పోతుంది. రిస్ట్రిక్ట్ అయితే డీబీ2 తీసివేతను ఒప్పుకోదు. ఇక వేట ఫైలుకు ఈ సంగతే తెలియదు. తల్లి లేని వేట రికార్డులు అందులో అలాగే ఉండిపోతాయి. అలాంటివి ఎదురైతే తప్పు డేటా అని తుడిచేయకండి, ముందు కారణం అడగండి.

ఎంత దూరం వెళ్లాలి

మొదట్లో చెప్పిన రెండో షరతు ఇప్పుడు వస్తుంది. యజమాని నుంచి పడవకు, పడవ నుంచి వేటకు, వేట నుంచి చీటీకి, చీటీ నుంచి పద్దులకు. ఇది కిందికి దిగే దారి, ఇందులో చిక్కు లేదు. చీటీ దగ్గర పక్కకు ఒక దారి ఉంది: వ్యాపారి. చీటీకి వ్యాపారి కూడా తల్లే.

ఆప్టిమ్‌లో ప్రతి సంబంధం దగ్గరా రెండు ప్రశ్నలుంటాయి. మొదటిది: పిల్ల వరుస వచ్చినప్పుడు దాని తల్లినీ తేవాలా? రెండోది: అలా పిల్ల కోసం వచ్చిన తల్లికి ఉన్న మిగతా పిల్లలందరినీ కూడా తేవాలా? ఇతర సాధనాల్లో మాటలు మారవచ్చు, నిర్ణయం మాత్రం మీరే చేయాలి.

చీటీకీ వ్యాపారికీ మధ్య మొదటి ప్రశ్నకు అవును అనాలి. లేకపోతే చీటీలోని సంకేతం ఎవరిదో పరీక్ష డేటాలో దొరకదు. రెండోదానికి కాదు అనాలి. అవును అన్నారనుకోండి: ఆ వ్యాపారి పాడుకున్న చీటీలన్నీ వస్తాయి. వాటితోపాటు వేరే పడవల వేటలు, ఆ పడవలు, వాటి యజమానులు, ఆ చీటీలున్న చోటల్లా ఇంకొందరు వ్యాపారులు వస్తారు. ఒక్క యజమానిని అడిగితే హార్బర్ మొత్తం మీ ఫైలులోకి వచ్చేస్తుంది. జాబ్ రాత్రంతా నడిచి స్థలం చాలక ఆగిపోతే మొదట అనుమానించాల్సింది ఇలాంటి మలుపునే.

అలాగని రెండో ప్రశ్నకు ప్రతిచోటా కాదు అనడమూ తప్పే. ఈసారి యజమాని బదులు వంజరం పద్దులతో మొదలుపెట్టారనుకోండి. ఆ పద్దు కోసం చీటీ తలకట్టు వస్తుంది. అదే చీటీలోని చందువ పద్దు రాకపోతే తలకట్టులోని మొత్తానికీ పద్దుల కూడికకూ పొంతన కుదరదు, మీ ప్రోగ్రామ్ సరిగ్గా ఉన్నా పరీక్ష తప్పుతుంది. అక్కడ అవును అనాలి. ఒక్కో గీత దగ్గర ఆగి, అటు వెళ్తే ఎవరెవరు వెంట వస్తారో వేలుపెట్టి అనుసరించండి. ఇందుకే మొదట కాగితం తీయమన్నాను.

ఒక్కరితో సరిచూసుకోండి

తక్కువ పడవలున్న ఒక యజమానిని ఎంచుకోండి. అతని పడవలు, వేటలు, చీటీలు, పద్దులు ఎన్నో చేతితో లెక్కించి రాసుకోండి. తర్వాత జాబ్ నడిపి రెండు లెక్కలూ పోల్చండి. ఒక్కటి తేడా వచ్చినా కారణం తెలిసేదాకా ముందుకు వెళ్లవద్దు.

ఆ తర్వాత తల్లి లేని రికార్డుల లెక్క మొత్తం డేటా మీద తీయండి. ముందు పడవ టేబుల్‌ను ఫైలుగా దింపుకుని, అంకెను వేట ఫైలులో ఉన్న రూపంలోకే మార్చుకోండి. జాయిన్‌కీస్‌లో దాన్ని ఎఫ్1గా, వేట ఫైలును ఎఫ్2గా పెట్టి, జాయిన్ అన్‌పెయిర్డ్ తర్వాత ఎఫ్2, ఓన్లీ అని రాస్తే పడవ దొరకని వేటలు మాత్రమే వస్తాయి. నాలుగైదు వస్తే ఒక్కొక్కటీ తెరిచి చూడవచ్చు. అన్నీ వస్తే మీ సంబంధంలోనే లోపం ఉంది, మళ్లీ హెక్స్ దగ్గరికి వెళ్లండి. కొంత భాగం ఒకే తీరుగా వస్తే రేవు సంకేతం చూడండి. పొరుగు రేవు పడవ ఇక్కడ సరుకు దించి ఉంటే అది మన పడవ టేబుల్‌లో ఉండకపోవచ్చు.

తేదీలకు మన తీరంలో ఒక మంచి పరీక్ష దొరుకుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. బయటికి తీసిన వేట రికార్డుల్లో ఆ రోజుల్లో బయలుదేరిన మరపడవలు గుంపుగా కనిపిస్తే, కాపీబుక్‌లో తేదీ స్థానం జరిగిందా, రోజూ నెలా తారుమారయ్యాయా అన్నది చూడండి. మీరు ఏ రంగం డేటా తీసుకున్నా ఇలాంటి తెలిసిన నిజం ఒకటి వెతుక్కోండి. బ్యాంకు అయితే సెలవు రోజులు, బడి అయితే వేసవి సెలవులు.

పరీక్ష వ్యవస్థలోకి లోడ్ చేసేటప్పుడు క్రమం ముఖ్యం: వ్యాపారి, యజమాని, తర్వాత పడవ, ఆపై ఫైళ్లు. ఎన్‌ఫోర్స్ నో (తనిఖీ వద్దు) అని పెట్టి లోడ్ చేస్తే, ఫారిన్ కీ ఉన్న పిల్ల టేబుల్ చెక్ పెండింగ్‌లో నిలుస్తుంది. తల్లి టేబుల్‌ను రీప్లేస్‌తో (పాత డేటా తీసి కొత్తది పెట్టేలా) లోడ్ చేసినా దాని పిల్లలకు అదే స్థితి వస్తుంది. కాబట్టి లోడ్ అయ్యాక చెక్ డేటాకు కూడా జాబ్‌లో ఒక అడుగు ఉంచండి. నిజమైన యజమానుల పేర్లు, ఫోను నంబర్లు పరీక్ష వ్యవస్థలోకి అలాగే పోకూడదు, వాటిని మార్చే అడుగు లోడ్‌కు ముందే ఉండాలి. మారుస్తున్న కాలమ్ కీలో భాగమైతే తల్లిలోనూ పిల్లల్లోనూ ఒకే విలువకు మారాలి. లేకపోతే ఇంతసేపూ కట్టిన సంబంధం అక్కడే తెగుతుంది.

చివరిగా, ఈ ఫైళ్ల కాపీబుక్‌లు ఏ మెయిన్‌ఫ్రేమ్ లైబ్రరీలో ఉన్నాయో, వాటిని ఎవరు మారుస్తారో కనుక్కుని వారికి మీ పేరు ఇవ్వండి. వేట రికార్డులో కీకి ముందున్న నాలుగు బైట్లు ఎవరైనా ఆరు చేసిన రోజున, మీ నిర్వచనాన్ని కొత్త కాపీబుక్‌తో మళ్లీ తయారుచేసి, అదే యజమానితో అదే లెక్క మళ్లీ తీయాలి. చేతితో రాసుకున్న ఆ లెక్క కాగితాన్ని అందుకోసం దాచి ఉంచండి.